ఎవల పైలం వాళ్ళది

పైలం సారు పోయాడని నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం బడి వదిలాక బస్టాండు మీదుగా ఇంటికి వస్తుంటే ఆయన సూట్‌కేసుల దుకాణం ముందు జనం గుమిగూడి కనిపించారు. మధ్యలో వెల్డింగ్ షాపు మనిషి గొంతుక్కూర్చుని కటింగ్ మిషన్‌తో షట్టరు కోస్తున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక సారు అలవాటు ప్రకారం షట్టరు దించి, లోపలివైపు తాళంకప్పలు వేసుకుని, అడ్డంగా ఇనుప పట్టీ బిగించుకుని కునుకు తీశాడు. ఇక లేవలేదు. భార్య షట్టరు మీద కొట్టి కొట్టి చేతులు నొప్పిపుట్టి కొడుకులకు కబురు చేసింది.

వెల్డింగ్ మనిషి మధ్యలో ఆగి చెమట తుడుచుకున్నాడు. "గీ దుకాణంల దొంగతనం జేసేటోడు ఎవడన్న ఉంటే నాకు చూపియ్యుండి, వాని కాళ్ళు మొక్కుత" అన్నాడు. చావు దగ్గర నవ్వకూడదని అందరూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు. షట్టరు ఊడి వచ్చాక చూస్తే ఆయన చాప మీద ప్రశాంతంగానే ఉన్నాడు. కుడికాలి చెప్పు గడప దగ్గర ఉంది. ఎడమకాలిది ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

"ఎంత పైలం మనిషి!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. "ఊరికి గసొంటి మనిషి మళ్ళ దొరుకుతడా?" అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా. నేను మాత్రం ఉన్నంతే కొలుస్తాను. నాకు ఏడుపు రాలేదు, రావలసిన అవసరం కూడా కనిపించలేదు.

మా నారాయణఖేడ్ వైపు పైలం అంటే జాగ్రత్త. బస్సు ఎక్కే బిడ్డకు తల్లి కిటికీలోంచి చెప్పే మాట అది. "పైలం బిడ్డా" అంటే వేళకు తిను, రోడ్డు చూసి దాటు, చేరగానే ఫోన్ చెయ్యి, నువ్వు వచ్చేదాకా నాకు కన్నంటుకోదు అని అర్థం. అంత ప్రేమ ఉన్న మాట. అందులోంచి ప్రేమను తీసేసి అక్కడ తాళంకప్ప పెట్టిన ఘనత ఆయనది.

ఆయన ఎక్కడా పాఠం చెప్పలేదు. సారు అని పిలిపించుకోవడం ఇష్టం, అంతే. ఎప్పుడో బావమరిది పిలిస్తే దుబాయి వెళ్ళి కొద్దిరోజులు ఉండి వచ్చాడు. ఆ కొద్దిరోజులూ గది తలుపు వేసుకుని కూర్చున్నాడని, కిందికి చాయ్‌కి కూడా దిగలేదని బావమరిదే నవ్వుతూ చెప్పాడు. కానీ తిరిగి వచ్చిన మర్నాటి నుంచి దేశాలు పోయేవాళ్ళకు ఈయన గురువైపోయాడు. నాగల్‌గిద్ద నుంచి, కల్హేర్ నుంచి గల్ఫ్‌కు పోయే ప్రతి మనిషికీ సూట్‌కేసు కావాలి. సూట్‌కేసు కొన్న ప్రతి మనిషీ ఆయన ఉపదేశం వినాలి. వినకుండా పోదామంటే పెట్టె ఆయన చేతిలోనే ఉంటుంది. ప్లాస్టిక్ తాడు చుట్టూ చుడుతూ, ముడి మీద ముడి వేస్తూ, నోరు ఆపకుండా చెప్పేవాడు.

ఒకసారి నేను సంచీ జిప్పు బాగు చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు నాగల్‌గిద్ద మేస్త్రీ ఒకతను ఆయన ముందు నిలబడి ఉన్నాడు. కన్నడం కలిసిన తెలుగు. కొత్త పెట్టె, కొత్త చొక్కా, కళ్ళలో కొంచెం భయం. ఉన్న భయం చాలదన్నట్టు సారు ఇంకాస్త పోస్తున్నాడు.

"ఎవడు పిల్చినా ఎన్కకు జూడకు. ఎవడు నీళ్ళిచ్చినా తాగకు. మనోడే అని పలకరిస్తే అస్సలే నమ్మకు, మనోడే ముంగట ముంచుతడు. సమజయిందా?"

"హౌదు సారూ" అన్నాడు మేస్త్రీ. కాసేపు ఆలోచించాడు. "మరి పనిచ్చే సేటు పిలిస్తే గూడ చూడొద్దా సారూ?"

సారుకు కోపం వచ్చింది. ప్రశ్న అడిగితే ఆయనకు ఎప్పుడూ కోపమే. "నమ్మి బాగుపడ్డోడు లేడు, నమ్మక చెడ్డోడు లేడు. పెద్దలన్న మాట, యాదుంచుకో" అన్నాడు. పెద్దలు అన్నది సరిగ్గా తిరగేసిన మాట. నేను నోరు తెరవబోతే, "టీచరమ్మా, నువ్వు బడిల చెప్పు. గిది లోకం సంగతి" అన్నాడు.

ఆయనకొక అలవాటు ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేత్తో రొమ్ము తట్టుకునేవాడు, తర్వాత నడుము, తర్వాత తొడ. రొమ్ము దగ్గర బనియన్‌కు కుట్టించుకున్న జేబు, నడుముకు గుడ్డసంచీ, తొడ దగ్గర ప్యాంటు లోపలి జేబు. చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా అదే వరుస. అందరం కళ్ళు మూసుకుని ఉంటే ఆయన ఒక్కడే కళ్ళు తెరిచి ఎవరి చేతులు ఎక్కడున్నాయో చూసేవాడు. చర్చికి వస్తే ఒక చెప్పు మగవాళ్ళ గుమ్మం దగ్గర, రెండోది ఆడవాళ్ళ గుమ్మం దగ్గర విడిచేవాడు. "ఒక్క చెప్పు దొంగకు దేనికి పనికొస్తది?" అని దాని వెనక తర్కం. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ మధ్యనుంచి ఒంటికాలి చెప్పుతో వచ్చే ఆ పెద్దమనిషికి మేము దారి ఇవ్వాలి. ఆయన చెప్పులు వేరొకరు ముట్టుకునేంత అందమైనవి కూడా కావు.

ఇంతవరకే అయితే ఆయన గురించి రాయను. ఊరికొక వింత మనిషి ఉంటాడు, నవ్వుకుని వదిలేస్తాం. ఈయనను నేను వదలకపోవడానికి కారణం మా చిన్నమ్మ.

మా అమ్మ చెల్లెలు ఆమె. అమ్మ పోయాక నన్ను పెంచింది. కంది చేనులో వంగి వంగి నడుం పట్టేసిన మనిషి, ఆయాసం ఉన్న మనిషి, నోరు మాత్రం ఏ జబ్బూ లేనిది. యోర్దాను నదిలో ఒక్కసారి కాళ్ళు కడుక్కుని రావాలని ఆమెకు ఎన్నాళ్ళనుంచో కోరిక. చర్చివాళ్ళు పరిశుద్ధ దేశ యాత్రకు పేర్లు రాస్తున్నారంటే నేను మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను. హైదరాబాదు ట్రావెల్స్ వాళ్ళు తీసుకుపోయే పెద్ద గుంపులో మా ఖేడ్ వాళ్ళం ఒక చిన్న గుంపు. ఆ చిన్న గుంపుకు పెద్ద ఎవరు? ఎవరూ అడగకుండానే పైలం సారు.

వెళ్ళేముందు ఆయన పెట్టిన మీటింగులు ఇన్నీ అన్నీ కావు. నిజం చెప్పాలంటే అందులో పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టుకు జిరాక్సు తీసి వేరేచోట పెట్టుకోవాలన్నాడు, మన ఎంబసీ ఫోన్ నంబరు రాసుకోవాలన్నాడు, గుంపులో గలాటా మొదలైతే చూస్తూ నిలబడకూడదన్నాడు. ఏ దేశం పోయేవాళ్ళకైనా చెప్పవలసిన మాటలే. మేమూ బుద్ధిగా జిరాక్సులు తీయించుకున్నాం.

విమానంలో ఎయిర్‌హోస్టెస్ పిల్ల నవ్వుతూ నీళ్ళగ్లాసు ఇస్తే ఈయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, వద్దు" అని మమ్మల్ని కూడా తాగనివ్వలేదు. చిన్నమ్మ ఆయన మొహం మీదే గ్లాసు ఎత్తి గటగటా తాగి, "సచ్చేదుంటే దాహంతోని ఎందుకు సావాలె సారూ?" అంది. మేమంతా తలా ఒక గ్లాసు అడిగాం. సారు మాత్రం దిగేదాకా ఎండిన పెదాలతో కూర్చుని, మాలో ఎవరు ముందు పడిపోతారా అని చూశాడు.

దిగగానే హోటలు మెట్ల దగ్గర ఆయన మమ్మల్ని నిలబెట్టి హుకుం జారీచేశాడు. "రూముల పెడితే పోతయి. మీ చేతిసంచీలల్ల పెడితే బ్లేడుతోని కోస్తరు. పాస్‌పోర్టులన్ని నాకియ్యుండి." ఒక నల్లసంచీ తెరిచాడు. దానికి అంకెల తాళం, పైన ఇంకో చిన్న తాళంకప్ప. అందరం ఇచ్చాం. "జిరాక్సులు గూడ ఇయ్యుండి, అన్ని ఒక్కకాడుంటే పైలం" అన్నాడు. వేరేచోట పెట్టుకోమన్నది తనే కదా అని నేనంటే, "టీచరమ్మా, మళ్ళ మొదలువెట్టినవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పోనీలే అన్నట్టు చూశారు. జిరాక్సులు కూడా సంచీలోకి వెళ్ళాయి.

చిన్నమ్మ యోర్దానులో కాళ్ళే కాదు, మొహం కూడా కడుక్కుంది. అంత సంతోషంగా నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత యెరూషలేము పాత బస్తీకి వచ్చాం. సన్నటి రాతి సందులు, రెండు వైపులా దుకాణాలు, మసాలా వాసన, అరుపులు. అచ్చం చార్మినార్ గల్లీలలాగే ఉందని చిన్నమ్మ మురిసిపోయింది. ఊళ్ళో ఏదో అలజడి మొదలవుతోందని, తొందరగా చూసుకుని హోటలుకు చేరాలని మా గైడు పొద్దున్నే చెప్పాడు. అక్కడి క్రైస్తవుడే, మంచి ఇంగ్లీషు మాట్లాడేవాడు. అతను ముందు నడుస్తున్నాడు, మేము వెనక. సారు మా అందరి మధ్యలో, భుజానికి నల్లసంచీ వేసుకుని, రొమ్ము నడుము తొడ తట్టుకుంటూ.

చెక్క సిలువలు, పూసలు అమ్మే ఒక ముసలి దుకాణందారు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం. మేము దాటుతుంటే ఆయన ఒక్కసారిగా లేచి నిలబడి, మావైపు వేలు చూపిస్తూ గట్టిగా అరిచాడు.

"హరామీ! హరామీ!"

నారాయణఖేడ్ వాళ్ళను పట్టుకుని ఆ మాట అనాలా! మా ఊళ్ళో ఉర్దూ రాని ముసలమ్మకు కూడా ఆ తిట్టు తెలుసు. ఆటో స్టాండు దగ్గర ఆ ఒక్క మాటకు తలలు పగిలాయి. సారు మొహం కందగడ్డ అయింది.

"ఎవన్ని అంటున్నవ్‌రా? తూ హరామీ! తేరా ఖాందాన్ హరామీ!" అని దుకాణం మీదికి వెళ్ళాడు. ముసలాయన ఇంకా గట్టిగా అదే మాట, అదే వేలు. చిన్నమ్మ కూడా కొంగు బిగించింది. "గంత తెల్లగడ్డం వెట్టుకొని ఆడోళ్ళ ముంగట గవేం మాటలయ్యా?" మిగతావాళ్ళు తలా ఒకటి అందుకున్నారు. నేనూ తక్కువ తినలేదు, ఇంగ్లీషులో మర్యాద గురించి చెప్పాను. సారు కొట్లాటకు దిగేవాడిలా చొక్కా చేతులు మడిచాడు. మడవడానికి సంచీ అడ్డమైంది. తీసి రాతిమెట్టు మీద పెట్టాడు.

ముసలాయన వేలు మా వెనక్కు చూపిస్తోంది. మేమంతా ఆయన నోటిని చూస్తున్నాం.

గైడు పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చేసరికి ముసలాయన తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. గైడు ఆయనతో మాట్లాడి మావైపు తిరిగి, మీ సంచీ ఎక్కడ అని అడిగాడు. మెట్టు ఉంది, సంచీ లేదు. వాళ్ళ భాషలో హరామీ అంటే దొంగ అట. మా వెనకాలే ఒకడు సారు సంచీ మీద కన్నేసి నడుస్తుంటే, దొంగ దొంగ అని ఆ ముసలాయన మమ్మల్ని హెచ్చరిస్తున్నాడట. హెచ్చరించినవాడి వంశాన్ని తిట్టి, దొంగకు సంచీ అందేలా పెట్టాం. రెండు తాళాలూ సంచీకే వేసి ఉన్నాయి, వాటి పని అవి బాగానే చేశాయి. సంచీ మొత్తం పోయింది.

సారు ఏమన్నాడో తెలుసా? "గందుకే అంటున్న, పైలంగుండుండి అని" అన్నాడు. అని, రొమ్ము తట్టుకున్నాడు, నడుము తట్టుకున్నాడు, తొడ తట్టుకున్నాడు. ఆ తట్టుడు అర్థం మాకు ఆ క్షణాన తెలియలేదు.

మర్నాడు పొద్దున రొట్టె తింటుంటే సైరన్ మోగింది. ఫోన్లన్నీ ఒకేసారి అరిచాయి. హోటలువాళ్ళు అందరినీ కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి దింపారు. అలజడి కాస్తా పెద్ద గొడవైంది, విమానాలు ఆగిపోయాయి అన్నారు. మెట్లు దిగి వచ్చిన ఆయాసానికి చిన్నమ్మ గోడకు ఆనుకుని పీల్చే మందు పెట్టుకుంది. ఊపిరి అందాక నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నేను గీడనే సస్తే, నన్ను గీడనే పెడ్తరా?"

పక్కన కూర్చున్న వేరే గుంపు పెద్దావిడ కళ్ళు మెరిపిస్తూ, "యెరూషలేములో సమాధి దొరకాలంటే ఎంత అదృష్టముండాలమ్మా!" అంది.

"గా అదృష్టం నువ్వు ఉంచుకో తల్లీ" అంది చిన్నమ్మ. "మా ఆయన పక్కన బొందలగడ్డల జాగ వెట్టుకున్న. నాలుగు రాళ్ళు పాతిచ్చిన. ఏడాదికొక్కసారి సున్నమేస్త. నేను గాడికే పోవాలె."

అది నిజం. చిన్నాయన సమాధి పక్కన ఒక మనిషికి సరిపడే చోటు ఆమె రాళ్ళు పాతి ఉంచుకుంది. పండుగకు ముందు సమాధికి సున్నం వేసేటప్పుడు ఆ నాలుగు రాళ్ళకూ వేసేది. నాకు ఎన్నోసార్లు నవ్వొచ్చింది. ఆ గదిలో మాత్రం రాలేదు. తీసుకొచ్చినదాన్ని నేను, తిరిగి తీసుకుపోగలనో లేదో తెలియదు. నాకు చాలా భయమేసింది.

కాసేపటికి ట్రావెల్స్ మనిషి వచ్చి, సరిహద్దు దాకా బస్సు దొరికిందని, పాస్‌పోర్టు ఉన్నవాళ్ళంతా జల్దీ రావాలని చెప్పాడు. అవతలి దేశంలోకి దాటితే అక్కడినుంచి విమానం. పెద్ద గుంపువాళ్ళు బిలబిలమంటూ లేచారు. మా ఖేడ్ వాళ్ళం కూర్చున్నచోటే కూర్చున్నాం. లేచి ఏం చెయ్యాలి?

అప్పుడు మూలలోంచి సూట్‌కేసు చక్రాల చప్పుడు వినిపించింది. పైలం సారు. పెట్టెకు అప్పటికే ప్లాస్టిక్ తాడు చుట్టి ఉంది, ముడి మీద ముడి.

"ఏడికి సారూ?" అంది చిన్నమ్మ.

"నేను ముంగట పోయి ఎంబసీకి చెప్త. మీరు పరేషాన్ గాకుండి."

"ఎంబసీ గీ దేశంలనే ఉన్నది గద? ఫోను జేస్తే సాలు గద?"

సారు తలుపు వైపు చూశాడు.

"పాస్‌పోర్టులు పోయినయంటివి. మరి నీదేడిది?"

ఆయన చెయ్యి తనంతట తానే నడుము మీదికి వెళ్ళింది. అప్పుడు అర్థమైంది మాకు. అందరివీ సంచీలో, తనది మాత్రం నడుముకు. సంచీ పైలమైతే తనది కూడా అందులోనే ఉండేది కదా. ఆయనకు తన తాళాల మీద కూడా నమ్మకం లేదు.

"సారూ, నువ్వే గద అందరియి తీస్కున్నవు. మమ్మల్ని గిట్ల ఇడిసి పోతవా?"

"చూడమ్మా" అన్నాడు ఆయన, ఓపికగా, దుకాణంలో ఎవరికో చెప్పినట్టు. "గిసొంటి దేశంల, గిసొంటి టైముల, ఎవల పైలం వాళ్ళది."

చక్రాల చప్పుడు మెట్ల దాకా వినిపించి ఆగింది. ఆ తర్వాత పెట్టెను ఎత్తుకుని మెట్లెక్కుతున్న రొప్పు. నేను చాలామంది పిరికివాళ్ళను చూశాను, నేనే పిరికిదాన్ని. కానీ భయాన్ని బుద్ధి పేరుతో అమ్ముకుని, అసలు సమయం వచ్చేసరికి కొన్నవాళ్ళను చీకటి గదిలో వదిలి పోయినవాణ్ణి ఆయన్ను తప్ప చూడలేదు.

మమ్మల్ని ఒడ్డున పడేసింది మేము తిట్టిన ముసలాయన. పాస్‌పోర్టులు పోయాయని పోలీసు కాగితం ఉంటే మన ఎంబసీవాళ్ళు ప్రయాణానికి తాత్కాలిక పత్రాలు ఇస్తారు. దొంగతనం కళ్ళారా చూసినవాడు వచ్చి చెబితే కాగితం త్వరగా వస్తుందని గైడు అన్నాడు. అడగడానికి మాకు మొహం లేదు. గైడే వెళ్ళి అడిగాడు. మూసిన దుకాణాల మధ్యనుంచి, ఎప్పుడు సైరన్ మోగుతుందో తెలియని వీధుల్లోంచి, ఆయన ఇస్త్రీ కోటు వేసుకుని పోలీసు స్టేషనుకు నడిచి వచ్చాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. మమ్మల్ని చూసి ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. చిన్నమ్మ రెండు చేతులూ జోడించి, "మాఫ్ చేయ్ బాబా" అంది. ఆయనకు మాఫ్ అర్థమైనట్టుంది, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

బయటికి వచ్చాక, ఆ రోజు తనతో కొట్లాటకు వచ్చిన పెద్దమనిషి ఏడి అని ముసలాయన గైడును అడిగాడట. తన పాస్‌పోర్టు నడుముకు కట్టుకుని నిన్ననే బస్సెక్కి పోయాడని గైడు చెప్పాడు. ముసలాయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత మెల్లగా, అరవకుండా అన్నాడు.

"హరామీ."

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "ఆయన భాషల అన్నడో, మన భాషల అన్నడో గానీ" అంది చిన్నమ్మ, "రెండింట్ల సరిపోయింది." అక్కడ, ఆ గొడవల మధ్య, పోలీసు స్టేషను మెట్ల మీద మేము కడుపు పట్టుకుని నవ్వాం. ముసలాయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఎంబసీవాళ్ళు మర్యాదగా మాట్లాడి పత్రాలు ఇచ్చారు. ఎలాగో బస్సు దొరికింది, అదే సరిహద్దు దాటాం, ఇల్లు చేరాం. ఖేడ్ బస్టాండులో దిగగానే చిన్నమ్మ ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి బొందలగడ్డకు పోదాం పద అంది. నాలుగు రాళ్ళూ ఉన్నాయో లేవో చూసుకుని, ఒకదాన్ని అరచేత్తో తట్టి, అప్పుడు ఇంటికి వచ్చింది.

మేము రాకముందే చర్చిలో కృతజ్ఞతా కూటం అయిపోయింది. సారుకు శాలువా కప్పారు. ఆయన సాక్ష్యం కూడా చెప్పాడట, సింహాల గుహలోంచి దేవుడు తనను ఎలా బయటికి తెచ్చాడో. నేను ఆ యాత్రలో ఇద్దరి సాక్ష్యాల సంగతి విన్నాను. ఒకటి పోలీసు స్టేషనులో, ఒకటి చర్చిలో. దేవుడు ఏది రాసుకున్నాడో ఆయనకే తెలియాలి.

"నేను ముంగట వచ్చి చెప్పబట్టే వీళ్ళు పానాలతోని వచ్చిండ్రు" అని సారు బస్టాండు దగ్గర చెప్పుకున్నాడు. ఎవరికి చెప్పాడని మాత్రం ఎవరూ అడగలేదు, అడిగితే కోపమొస్తుంది కదా. దుకాణంలో నడుముకు కట్టుకునే పాస్‌పోర్టు సంచీలు వేలాడదీశాడు. "యెరూషలేముల గిదే నన్ను కాపాడింది" అని చూపించి అమ్మాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చర్చిలో ఎదురైతే ఆయన, "ఏమమ్మా, పైలమేనా?" అని చిన్నమ్మను పలకరించేవాడు. ఆమె నోట్లో నాలుక లేనిదానిలా దాటిపోయేది. ఆ నోరు మూతపడటం నేను ఆయన ఎదుట మాత్రమే చూశాను.

ఇప్పుడు ఆయన పోయాడు. మర్నాడు పొద్దున్నే చర్చి పెద్దలిద్దరు, సారు పెద్దకొడుకు, మా పాస్టరు అయ్యగారు కలిసి చిన్నమ్మ ఇంటికి వచ్చారు. నేను చాయ్ పెట్టాను. వచ్చిన పని చెప్పడానికి వాళ్ళకు కొంచెం సమయం పట్టింది. బొందలగడ్డలో సారు తల్లిదండ్రుల సమాధులు చిన్నాయన వరుసలోనే ఉన్నాయి. మధ్యలో ఖాళీ ఉన్నది ఒక్క చోటే, నాలుగు రాళ్ళ చోటు. కొడుకు తండ్రిని నాయనమ్మ పక్కన పెట్టుకోవాలని అడుగుతున్నాడు.

"నీకు ఇంకోకాడ మంచి జాగ చూపిస్తమమ్మా" అన్నారు అయ్యగారు. "చచ్చినాయన మీద కోపమెందుకు?"

సారు కొడుకు తల దించుకుని కూర్చున్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు. ఒక్క క్షణం నాకే జాలి కలిగింది, చిన్నమ్మ ఒప్పుకుంటుందేమో అనుకున్నాను. ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది. మాట్లాడే ముందు ఊపిరి తీసుకుంది.

"కోపం గాదు అయ్యగారూ. గీ జాగ కోసమే గంత దూరంకెల్లి పానం ఉగ్గవట్టుకొని వచ్చిన. సారే చెప్పిండు నాకు, ఎవల పైలం వాళ్ళది అని. నా జాగ నేను పైలం జేస్కుంటున్న."

కొడుకుకు ఆ మాట ఎక్కడిదో తెలియదు, మంచి మాటే అనుకున్నట్టున్నాడు, తల ఊపాడు. చాయ్ తాగి వెళ్ళిపోయారు.

ఆయన్ను మూలన పెట్టారు. రెండు వైపులా ప్రహరీగోడ, గోడ మీద గాజుపెంకులు. అందరూ మట్టి వేసి బయటికి వచ్చాక కాపలా మనిషి గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాడు. చిన్నమ్మ ఆగి, తాళం సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసింది.

"మంచి జాగనే దొరికింది సారుకు" అంది. "ఇగ ఎవ్వలు రారు."